మూడుకే అందుకున్న పాట

మా తమ్ముడికి అన్నిటికీ తొందరే. కుక్కర్ దింపకముందే కంచం ముందు కూర్చునేవాడు. మెట్రోలో మేం దిగాల్సిన స్టేషన్ ఇంకా దూరముండగానే లేచి తలుపు దగ్గర నిలబడేవాడు. అలాంటివాణ్ణి రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ ముందు కూర్చోబెట్టిన మహానుభావులెవరో అని ఏడిపించేదాన్ని. పాటని తాళం తప్పకుండా నడపాల్సింది వాడేనట మరి.

సరోజినీ నగర్‌లో నాన్నకిచ్చిన గవర్నమెంటు క్వార్టర్లో డ్రమ్స్ పెట్టే వీలెక్కడిది? చలికాలం కప్పుకునే రజాయిలు చుట్టి, దీవాన్ మీద వరసగా పేర్చి, వాటి మీద పుల్లలతో సాధన చేసేవాడు. అయినా కింద వాటా ఆంటీ చీపురుకర్రతో కప్పు పొడిచేది. అమ్మ దిగి వెళ్ళి, రజాయిలు దులుపుతున్నామని అబద్ధమాడి వచ్చేది. ఏడాది పొడుగునా రజాయిలు దులిపే కుటుంబం ఢిల్లీ మొత్తానికి మాదొక్కటే.

వాళ్ళ మొదటి ఆల్బమ్‌ని బంధువులం తప్ప ఎవరూ వినలేదు. రెండోదాన్ని నోయిడాలో ఒక స్టూడియోలో ఆదివారాలు రికార్డు చేశారు. అందులో ఒక పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. నాలుగు లెక్కపెట్టాక డ్రమ్స్ అందుకోవాలి. వీడు మూడుకే అందుకున్నాడు.

"కోయీ బాత్ నహీ అక్కా, ఏం ఫరవాలేదు, వచ్చే ఆదివారం మళ్ళీ వాయించేస్తా" అన్నాడు ఇంటికొచ్చి.

ఆ ఆదివారానికి డెంగ్యూతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పై ఆదివారానికి లేడు.

కొన్నాళ్ళకి బ్యాండ్‌లో పాడే అబ్బాయి అమ్మ దగ్గరికొచ్చాడు. ఆ తప్పుని కంప్యూటర్లో సరిచేయవచ్చనీ, లేదంటే కొత్త డ్రమ్మర్‌తో మళ్ళీ వాయించవచ్చనీ హిందీలో నసిగాడు.

"రెహ్‌నే దో బేటా" అంది అమ్మ, అలాగే ఉండనిమ్మని. అతను వెళ్ళాక నాతో, "వాడి చెయ్యి ఇంకెక్కడుందే, అందులో తప్ప?" అంది.

ఆ ఆల్బమే బ్యాండ్‌ని నిలబెట్టింది. రెండు పాటలు ఊరంతా పట్టుకున్నాయి. ఒకటి పెళ్ళి బరాతుల్లో మోగింది. తప్పున్న పాట ఆటోల్లో, జిమ్ముల్లో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా వినిపించేది. టమాటాలు ఏరుకుంటూ ఏడ్చేదాన్ని. పాట బాగుందని ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. వాడు లేకుండా అది బాగుండటమేమిటని.

మొన్న చలికాలంలో బ్యాండ్ వాళ్ళు నోయిడాలో తమ కచేరీకి పాసులు పంపారు. వాడు లేనిచోట ఏం వింటావని అమ్మని విసుక్కున్నాను.

"వాడిదేమైనా మిగిలిందేమో చూసొద్దాం పద" అంది.

కొత్త డ్రమ్మర్ ఒక్క తప్పు లేకుండా వాయించాడు. ఎక్కడా తమ్ముడు వినపడలేదు. అమ్మని అనవసరంగా తీసుకొచ్చానని బాధపడ్డాను. లేచి వెళ్ళిపోదామంటే ఆమె కదల్లేదు.

చివర్లో ఆ పాట అందుకున్నారు. మధ్యలో అన్నీ ఆగాయి. డ్రమ్మర్ పుల్లలు పైకెత్తి, నాలుగు పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు. జనం ఆగలేదు. రికార్డు విని విని అలవాటుపడ్డ వాళ్ళంతా మూడుకే ఒక్కసారిగా చప్పట్లు చరిచారు. డ్రమ్మర్ తడబడి నవ్వేశాడు.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది.

"చూశావుటే వెధవని, ఎంతమందిని చెడగొట్టి పోయాడో."