పిడికెడు బియ్యం వేలం

“ఎవురు పోసినారు ఈ సంచిలో ఉప్పుడు బియ్యం? నోరు తెరిసి సెప్పండి!” అని చర్చి మెట్ల మీద నిలబడి అరిచింది మా స్త్రీల సమాజం కోశాధికారి.

“నేనే పోసినానమ్మా. మా ఇంట్లో వండేది అదే,” అంది శ్రీలంక ఆమె, దాచకుండా.

“వండుకో తల్లీ, ఎవురు వద్దన్నారు? మా సంచిలో యాల పోస్తివి? ఇవి ఉడికేలోపల పచ్చిబియ్యం గంజి అయిపోతాది. హోటలాయప్ప సెయ్యి పెట్టి సూసి, దులుపుకొని పాయ. ఇంగ నీకు అప్పు యాడనుంచి తెచ్చిచ్చేది?”

“మీరే గదమ్మా సెప్పినారు, పిల్లోళ్లకు వండే దాంట్లోనుంచే పిడికెడు తియ్యల్లని?”

లోపల ఫ్యాను కింద అయ్యగారు పరదేశులను ప్రేమించమని గంటసేపు ప్రసంగించి అప్పుడే ముగించారు. ప్రసంగపీఠానికీ మెట్లకూ మధ్య పెద్ద దూరమేమీ లేదు. అయినా ఆ ప్రేమ అంత దూరం నడవలేక లోపల చాపల మీదే కూర్చుండిపోయింది.

మాది కుప్పం. మా చర్చి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఎసట్లో పోయబోయే వాటిలోనుంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. నెల మొదటి ఆదివారం అన్ని ఇళ్ల బియ్యం ఒకే సంచిలో పోసి, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం, ఎప్పుడూ ఊళ్లో హోటలాయనే పాడుకుంటాడు. వచ్చింది మా పొదుపులో కలిపి, వంతు వచ్చిన ఆమెకు అప్పు ఇస్తాం. దేవుని పేరు మీద ఇచ్చేది కనుక వడ్డీ తక్కువ. దేవుని పేరు మీద తీసుకున్నది కనుక ఎగ్గొట్టాలంటే భయం. పాపం, బ్యాంకులకు ఈ సదుపాయం లేదు.

ఈ నెల వంతు శ్రీలంక ఆమెది. యుద్ధం రోజుల్లో ఆమె అమ్మానాన్నలు పడవెక్కి ఇండియాకు వచ్చారు. ఆమె పుట్టింది సరిహద్దుకు అవతల, తమిళనాడులోని శరణార్థుల క్యాంపులో. మొగుడికి గ్రానైటు రాళ్లు పాలిష్ పట్టే పని దొరికితే కుప్పం వచ్చారు. ఆ దుమ్ముకు అతనికి దగ్గు పట్టుకుంది, సగం రోజులు పనికి పోలేడు. ఈమె రోట్లో దోసె పిండి రుబ్బి ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. రుబ్బీ రుబ్బీ కుడి భుజం పట్టేసింది. ఇంకా రుబ్బితే ఆ చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాడు. వి.కోట రోడ్డులో అంగళ్లవాళ్లు రోజూ పిండి తీసుకుంటామన్నారు గానీ, బుధవారానికి మొదలుపెట్టకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని కూడా అన్నారు. గ్రైండరు కావాలి. బ్యాంకుకు పోతే ఆధార్ కార్డు అడిగారు. ఆమె దగ్గర ఉన్నది శరణార్థి కార్డు. దాన్ని బాగా తిప్పి తిప్పి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చారట. డ్వాక్రా గ్రూపులోనూ అదే మర్యాద జరిగింది. మిగిలింది మేము.

మేము కూడా మర్యాద తెలిసినవాళ్లమే.

“సంచి పోలేదు కాబట్టి గ్రైండరుకు సాలే దుడ్డు లేదు,” అని కోశాధికారి తీర్పు చెప్పింది. “ఉండేది మా ఆడబిడ్డ ఫ్రిజ్జు మొదటి కంతుకు సరిపోతాది. అందుకని ఈ వంతు ఆమెకే ఇస్తాం. అయినా క్యాంపోళ్లను యాడ నమ్మేది? దుడ్డు తీసుకొని రేపు గడి దాటి తమిళనాడుకు పోతే?”

“పోయేది పోతాది, గ్రైండరు నెత్తిన పెట్టుకొని పోతాదా?” అన్నాను, చర్చిలో అందరికీ అత్త వరసైన నేను.

“నువ్వు ఊరకుండత్తా. నీకు తెలీదు.”

“నాకేం తెలుస్తాదిలే. పుంగనూరులో మూడో తరగతితోనే బడి మాన్పించినారు. నువ్వు మదనపల్లెలో పెద్ద సదువులు సదివినావు, నువ్వే సెప్పు. ఈ సంచిలో మీ ఇండ్లల్లో వండుకునే సన్నబియ్యం ఒక్క గింజ ఉండాదా? తీసి సూపించు.”

మెట్ల మీద ఒక్కసారిగా అందరికీ చీర కుచ్చిళ్లు సర్దుకోవాల్సిన పని పడింది. సంచిలో ఉన్నదంతా రేషన్ బియ్యమే. ఇంట్లో కుక్కర్లలో ఉడికేది సన్నబియ్యం, దేవుని డబ్బాలో పడేది చౌకడిపో బియ్యం. ఏ ఇంట్లో చూసినా ఇదే భక్తి. పిల్లల కడుపుకు పోయేదాంట్లోనుంచే తీయాలన్న నియమాన్ని అక్షరాలా నమ్మిన పిచ్చిది మొత్తం సమాజంలో ఒక్కతే. పాపం, క్యాంపులో పెరిగింది, మన పద్ధతులు తెలియవు.

“నువ్వు మాత్రం? నువ్వు పోసింది రేషన్ బియ్యం కాదా?” అంది కోశాధికారి.

“అవును, అదే. నేను తినేదీ అదే గదమ్మా. మా కోడల్ని అడుగు.”

“నిజమేనక్కా,” అంది వెనకనుంచి నా కోడలు. “పెండ్లయిన కాడినుంచి అదే.”

ఆ రోజు చర్చిలో చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. అంత మనస్ఫూర్తిగా చెప్పినది మాత్రం ఇదొక్కటే.

“సరే, సంచి మళ్లా వేలం ఎయ్యండి,” అన్నాను. “నేను పాడతా.”

“నీకెందుకత్తా, నలుగురు తినే ఇంటికి ఇంత సంచి?”

“దోసెలకు నానబోసుకుంటా. దోసెలకు రెండు రకాలూ కలపాల్సిందే గదా. కలిపే పని నాకు తప్పింది.”

హోటలాయన ఎప్పుడూ ఇచ్చే ధరే పాడాను. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను చర్చి వేలంలో అంతకు ముందు కొన్నది ఒకే ఒక్క గుమ్మడికాయ, అదీ ఒక పక్క మెత్తబడిందని ధర తగ్గించుకుని.

మా వేలాలకు ఒక జబ్బు ఉంది. రెండు ఇళ్లవాళ్లు పాట మొదలుపెట్టారంటే వస్తువు ఏమిటో ఇద్దరికీ గుర్తుండదు. కోతపండుగనాడు సొరకాయ మేకపిల్ల ధరకు పోయిన సందర్భాలున్నాయి. నేను ధర చెప్పి నోరు మూయక ముందే కోశాధికారికి ఆ జబ్బు సోకింది.

“ముసిల్ది దేవుని కోసం పాడతాంటే మేము సూస్తా కూసుంటామా?” అని ఒక వంద పెంచింది.

నేనూ పెంచాను. ఆమె పెంచింది. మధ్యలో ఒకసారి మొగుడి ముఖం చూసి తగ్గింది. అప్పటికి పై పాట నాదే. ఆ ధరకు ఆ సంచి నా నెత్తిన పడితే నా మనవళ్ల పిల్లలు కూడా దోసెలు తిని తీర్చాలి. కానీ ఆమె ఆడబిడ్డ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. కోశాధికారి మళ్లీ పాడింది. గ్రైండరుకు చాలినంత అయిందని మనసులో లెక్క చూసుకుని, తల అడ్డంగా ఊపి కూర్చున్నాను.

“సూసినావా అత్తా?” అంది ఆమె, చెమట తుడుచుకుంటూ.

“సూసినాలేమ్మా. నీ అంత పెద్ద మనసు మాకు యాడ వస్తాది!”

అయ్యగారు ఆమె దాతృత్వం గురించి ప్రార్థన చేశారు. అది ప్రసంగం కంటే కొంచెమే చిన్నది. ప్రార్థన అంతసేపూ ఆమె భర్త సంచిని స్కూటరు మీద ఎట్లా నిలబెట్టాలో చూస్తున్నాడు. ఫ్రిజ్జు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. డబ్బు సరిపోయాక వంతు మార్చడానికి సాకు దొరకలేదు.

శ్రీలంక ఆమె నా దగ్గరకు వచ్చింది. మెట్ల మీద జరిగినదానిలో సగం ఆమెకు అర్థం కాలేదు.

“అమ్మా, నా వంతు ఉండాదా, పోయిందా?”

“ఉండాది. రేప్పొద్దున్నే రా, అంగడికి పోదాం. ఆ భుజానికి కాపడం పెట్టుకొని పడుకో.”

మరునాడు పొద్దున బస్టాండు దగ్గర అంగడికి పోయాం. ఆమె మూడు గ్రైండర్లు తిప్పించి చూసి, చప్పుడు తక్కువగా ఉన్నదాన్ని తీసుకుంది. బిల్లు ఎవరి పేరు మీద రాయాలని అంగడాయన అడిగాడు. ఆమె తన పేరు చెప్పింది, ఆయన రాశాడు. కార్డు ఏదీ అడగలేదు. గ్రైండరు ఆటోలోకి ఎక్కించాక ఆమె దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని పక్కన కూర్చుని, నన్నూ ఎక్కమంది. ఆటోవాడు నాకు వేరుగా ఛార్జీ అన్నాడు. నేను నడిచి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం లోపల ఆమె బియ్యం, ఉద్దిపప్పు నానబోసింది.