గ్రాఫిక్స్ కార్డుకు స్టెబిలైజర్

తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీలో కంప్యూటర్లు చదివినవాడికి కంప్యూటర్ గురించి అన్నీ తెలుసని లోకం నమ్మేది. అలా చదివిన నేనూ ఆ లోకంలో ఒకణ్ణే. నకిరేకల్‌లో మా బావకు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఆయన పాత కంప్యూటర్, వధూవరులను తామరపువ్వులోంచి పైకి లేపమంటే అక్కడే కూలబడేది. ఎదురు స్టూడియోవాళ్లు అప్పటికే జంటలను మంచుకొండల మీద ఎగరేస్తున్నారు. చేతిలో ఉన్న ఒక్క పెళ్లీ చెడిపోతే ఇక షట్టర్ దించుకోవడమేనని బావ భయం. "కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే ఉరుకుతది బావా" అన్నాను (ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు).

తెరమీది బొమ్మల పని చూసుకునే, సొంత ఫ్యాన్ ఉన్న ఆ కార్డును హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తీరా చూస్తే అది మా కంప్యూటర్ డబ్బాకంటే పొడుగు. వెల్డింగ్ షాపులో డబ్బాకు కిటికీ కోయించి, కార్డు కాస్త బయటికి తొంగిచూసేలా బిగించాం. కొబ్బరికాయ కొట్టి ఆన్ చేస్తే నల్లటి తెరమీద ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. "ఏమంటాంది బామ్మర్దీ?" అన్నాడు బావ. "కరెంటు చాలుతలేదంటాంది" అన్నాను. డబ్బాలోని పాత పవర్ సప్లై దానికి సరిపోదని, కార్డుకు కలపాల్సిన వైరే అందులో లేదని నాకు తట్టలేదు. బావకు రోషం వచ్చింది. "రాష్ట్రమొచ్చినంక బాయికాడ మోటర్లకే మంచిగ కరెంటొస్తాంది. గీ చిన్న ముక్కకు చాలదా? లో వోల్టేజీ అయ్యుంటది" అంటూ మోటార్ వైండింగ్ చేసే ఆయన్ని పిలిపించాడు. ఆయన ఆటోలోంచి ఇంతలావు స్టెబిలైజర్ దించాడు. దాని మోతకు వీధి అదిరింది కానీ తెరమీది వాక్యం మాత్రం కదల్లేదు.

పదహారు రోజుల పండుగకు వీడియో కావాలని పెళ్లికూతురి తల్లి వచ్చి గడపలో నిలబడింది. నేను గత్యంతరం లేక మానిటర్ వైరును కార్డు నుంచి పీకి, కంప్యూటర్‌కు మొదటినుంచీ ఉన్న పాత సాకెట్లోనే గుచ్చాను. బొమ్మ వచ్చింది, పెళ్లి వీడియో నడిచింది. ఎప్పటి బొమ్మే, ఎప్పటి నత్తనడకే. ఆమె మాత్రం డబ్బా కిటికీలోంచి మెరుస్తున్న కార్డును, పక్కన మూలుగుతున్న స్టెబిలైజర్‌ను చూసి, "కొత్త మిషిని పెట్టినవా తమ్మీ? మా బిడ్డ ముఖం ఎంత కళగ కనవడ్తాంది. ఎదుటోళ్ల దాంట్ల గిట్ల రాదు" అంది. బావ గంభీరంగా తలూపాడు. తామరపువ్వు లేకుండానే ఆమె వీడియో తీసుకెళ్లింది. ఆ మాట నలుగురికీ పాకి, ఆ సీజనంతా బావకు చేతినిండా పెళ్లిళ్లే. పనిచేస్తే తిరగాల్సిన కార్డు ఫ్యాన్ ఒక్కసారైనా తిరగలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు మీటింగుల్లో ఏవేవో కొత్త విద్యల గురించి మాట్లాడతారు. నాకు సగం ఎక్కదు. బావలాగే గంభీరంగా తలూపుతాను. "సార్ పక్కన ఉంటే ధైర్యం" అంటారు వాళ్లు. అప్పుడు ఆ కార్డు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. నా ఫ్యాన్ వైపూ ఇంతవరకు ఎవరూ చూడలేదు.