తన కోరిక మేరకు

తడిసిన తోలు వేడెక్కితే వచ్చే వాసన ఇల్లంతా పట్టింది. ప్రాక్టీసు ముగించుకొని వచ్చిన మా అమ్మాయి నా బేస్‌బాల్ గ్లోవ్‌ను హీటర్ మీద ఆరబెట్టింది. తియ్యమని అరిచాను. ఆ అరుపు నాది కాదు, రాజన్నది. "హీటర్ మీద పెడ్తరా తమ్మీ, అదేమన్న అప్పడమా?" అనేవాడు. అమ్మాయి గ్లోవ్ తెచ్చి నా ఒళ్ళో పడేసి, రాజా అంకుల్ ఆట ఎందుకు మానేశాడని జర్మన్‌లో అడిగింది. ఆయన మానెయ్యలేదు. లైప్‌జిగ్‌లో మా తెలుగువాళ్ళందరూ ఏడాదిగా నమ్ముతున్న ఆ అబద్ధం రాసింది నేను. అందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

రాజన్నది కరీంనగర్ వైపు. ఊళ్ళో వికెట్ కీపరు. జర్మనీలోనే క్లౌస్తాల్ అనే ఊళ్ళో ఎం.ఎస్. చదువుతున్నప్పుడు ఎవరో ఆడుతుంటే చూసి బేస్‌బాల్‌లోకి దిగాడట. బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చుని బంతి అందుకునే క్యాచర్ అయ్యాడు. ఇక్కడ లోహాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ మా చిన్న క్లబ్బుకు పన్నెండేళ్ళు ఆడాడు, అందులో ఆరేళ్ళు కెప్టెన్‌గా. గుంటూరు నుంచి వచ్చి, ఆదివారాలు ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న నన్ను మైదానానికి లాక్కెళ్ళింది ఆయనే. మొదటిసారి బంతి నా బ్యాటుకు గట్టిగా తగిలిన రోజు, క్రికెట్ అలవాటుతో బ్యాటు పట్టుకునే పరుగెత్తాను. మైదానమంతా నవ్వింది. "ఇడ్సిపెట్టు! బ్యాటు ఇడ్సిపెట్టి ఉరుకు!" అని రాజన్న కేకలు.

"అలవాటన్నా, చేతులు వదలటంలేదు" అన్నాను రొప్పుతూ.

"గుంటూరుల లేమని చేతులకు జెర చెప్పు తమ్మీ. బ్యాటు ఆనిచ్చేటందుకు ఈడ క్రీజు లేదు."

ఆయన నాకు నేర్పింది ఆట ఒక్కటే కాదు. రెండో ఏడు వేసవిలో ఒక ముఖ్యమైన మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం మా ఇంటి బెల్లు మోగింది. వానలో తడిసి ముద్దయి రాజన్న నిలబడి ఉన్నాడు. ఊరి అవతలి కొస నుంచి ట్రామ్‌లో వచ్చాడు. తల కూడా తుడుచుకోకుండా, "రేపు నిన్ను ఆడిస్తలేను. చెయ్యి కుదుర్తలేదు నీకు" అన్నాడు.

"దీనికోసం ఇంత దూరం రావాలా అన్నా? ఫోన్ చేస్తే సరిపోయేదిగా!"

"లిస్టుల చూసి తెల్సుకోవద్దని అచ్చిన. మనిషిని తీసేటప్పుడు మొఖం చూసి చెప్పాలె. తిట్టాలనిపిస్తే తిట్టు, ఈడనే ఉన్న."

తిట్టలేదు. టీ పెట్టిచ్చాను. ఆ మాట విని తలూపిన మనిషినే నేను. అది గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అక్టోబరులో ఇక్కడ ఆటలు ముగుస్తాయి. మళ్ళీ ఏప్రిల్ దాకా స్కూలు వ్యాయామశాలలో ప్రాక్టీసు తప్ప ఏమీ ఉండదు. జట్టును మార్చేది అప్పుడే. ఎవరు వెళ్తున్నారో, ఎవరు వస్తున్నారో ఒక జాబితా క్లబ్బు వెబ్‌సైటులో పెడతారు. నిరుడు ఆ జాబితా రాసే కార్యదర్శిని నేను. కమిటీలో కూర్చున్న మొదటి భారతీయుణ్ణి. ఆ కుర్చీ చూసుకొని ఎంత మురిసిపోయానో! నవంబరు సమావేశంలో అధ్యక్షుడు కొత్త మాట తెచ్చాడు. ఇరవైమూడేళ్ళ అమెరికన్ క్యాచర్ దొరికాడు, వాడు వస్తే పై డివిజన్‌కి వెళ్ళొచ్చు, రాజన్న మోకాళ్ళు ఇక పనికిరావు. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. చివర్లో అధ్యక్షుడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు అతనికి. మీది ఒకే భాష కదా" అన్నాడు. పెద్ద బాధ్యత అప్పగించినట్టు తలూపాను.

తొమ్మిది రోజులు చెప్పలేదు. రోజూ ఫోన్ తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. పదోరోజు జాబితా పెట్టాలన్నారు. రాజన్న పేరు పక్కన ఏం రాయాలని అడిగితే అధ్యక్షుడు చెప్పాడు: "అవుఫ్ ఐగెనెన్ వున్ష్." తన కోరిక మేరకు. మనిషిని మర్యాదగా గెంటెయ్యడానికి జర్మన్‌లో ఇంతకన్నా మంచి మాట లేదు. అదే రాశాను. స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

ఆ బుధవారం ప్రాక్టీసుకు రాజన్న ఎప్పటిలాగే సంచితో వచ్చి కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుంటున్నాడు. ఒక కుర్రాడు వెళ్ళి చెయ్యి కలిపి, ఇన్నేళ్ళు ఆడినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. రాజన్నకు అర్థం కాలేదు. ఫోన్ తీసి చూశాడు. తలెత్తి హాలు అవతలున్న నన్ను చూశాడు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడలేదు. నేను లేచేసరికి ఆయన ఒక్కో పట్టీ విప్పి, ప్యాడ్లు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. తమ్మీ అనలేదు.

"ఇంగో ప్రసాదూ, నువ్వు రాసిందాన్ని తెలుగుల చెప్పు."

"అన్నా, అది అధ్యక్షుడు..."

"తెలుగుల చెప్పుమన్న."

"తన... తన కోరిక మేరకు."

"ఎవని కోరిక?"

"కమిటీ..." అని నసిగాను. "జర్మన్‌ల రాసుడు సులువుగనే ఉంటదిలే" అని పెట్టేశాడు. వసంతంలో ఉద్యోగం మార్చుకొని ఇల్మెనౌ అనే చిన్న ఊరికి వెళ్ళిపోయాడు.

తర్వాత మన తెలుగు వాట్సాప్ గ్రూపు పని మొదలైంది. అలిగి పోయాడంట. కుర్రాణ్ణి చూసి ఓర్వలేకపోయాడంట. ఆయన ఇంట్లో పప్పన్నం తిన్నవాళ్ళే రాశారివన్నీ. నేను ప్రతి అక్షరం చదివాను, ఒక్క అక్షరం రాయలేదు. జూన్‌లో ఆ అమెరికన్ ఇంటి మీద బెంగతో మధ్యలోనే వెళ్ళిపోయాడు, మేం వరసగా ఓడాం. వేసవి విందులో అధ్యక్షుడు అందరి ముందూ, "రాజన్న మనల్ని వదిలి వెళ్ళకపోతే ఇలా అయ్యేదా!" అని నిట్టూర్చాడు. తీసేసిన మనిషే వదిలి వెళ్ళాడంటున్నాడు! నేను ప్లేటు పట్టుకొని నిలబడ్డాను.

ఈ శీతాకాలం జాబితా మళ్ళీ నా చేతికొచ్చింది. పైన ఇలా రాశాను: "నిరుడు రాజన్న తన కోరిక మేరకు వెళ్ళలేదు. మేం తీసేశాం. ఆ మాట ఆయనకు చెప్పవలసింది నేను, చెప్పలేదు." గంటలో అధ్యక్షుడు దాన్ని తీయించేశాడు. పాత సంగతి ఎందుకన్నాడు. ఆయనకు పాతదే. తీయించొచ్చు. తెలుగులో రాసింది తీయించలేడు.

దీన్ని అచ్చుకు పంపేముందు ఇల్మెనౌ వెళ్ళాను. రాజన్న తలుపు తీశాడు, లోపలికి రమ్మనలేదు. "అచ్చులో చూసి తెలుసుకోకూడదని వచ్చానన్నా. తిట్టాలనిపిస్తే తిట్టు" అని కాగితాలిచ్చాను. కళ్ళజోడు పెట్టుకొని గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివాడు. చదివి మడిచాడు.

"ఒక తప్పున్నది" అన్నాడు.

"ఏదన్నా?"

"గా రోజు ట్రాములు బందు, సమ్మె. నడిచచ్చిన."

కాగితాలు నా చేతిలో పెట్టి తలుపు మెల్లగా వేసుకున్నాడు.

పైన ఆ వాక్యాన్ని దిద్దలేదు. నా తప్పు నా పేరు మీదే ఉండనీ. రాజన్న ట్రామ్‌లో రాలేదు. ఊరి అవతలి కొస నుంచి, వానలో, నడిచి వచ్చాడు.