పెద్దమ్మగారి అరిష్టం

మా పెద్దమ్మ 'కల్లు' అన్న మాట నోటితో పలికేది కాదు. ఎప్పుడైనా తప్పనిసరైతే 'ఆ తెల్లది' అనేది. అలాంటి మనిషి ఇంట్లో ఉంటూ నేను కల్లు గురించి ఊరూరా తిరిగి అడిగే ఉద్యోగంలో చేరాను.

తొంభైల చివరి రోజులు. హోమ్ సైన్స్ చదువు పూర్తిచేసి రాజమండ్రిలో పెద్దమ్మ దగ్గర ఉండేదాన్ని. పిల్లల డాక్టరుగారు ఒకావిడ ఏజెన్సీ ఊళ్ళలో పరిశోధన మొదలుపెట్టి, సాయానికి నన్ను తీసుకున్నారు. కడుపుతో ఉన్న తల్లి తాగితే ఆ మత్తు లోపలి బిడ్డకీ చేరుతుంది. కొందరు పిల్లల్లో ఎదుగుదల, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. బడిలో వాళ్ళని మొద్దులనీ అల్లరివాళ్ళనీ తిట్టి ఓ మూల కూర్చోబెడతారు. అలాంటి పిల్లల్ని త్వరగా గుర్తుపట్టడం ఎలా అన్నదే ఆవిడ పరిశోధన.

"ఎవరినీ తప్పుపట్టకండి," అన్నారావిడ జీపులో. "మీరు మొహం చిట్లించారంటే ఎవరూ నిజం చెప్పరు. ఇవే ప్రశ్నలు తర్వాత టౌన్లోనూ అడుగుతాం. కొండమీద వాళ్ళే తాగుతారని ఎవరు చెప్పారు మీకు?"

రంపచోడవరం దాటి, లోపలి ఊరొకదానికి వెళ్ళాం. జీలుగు చెట్లు కల్లిచ్చే కాలం. నేను గొంతు సవరించుకుని, రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతారని ఆడవాళ్ళని అడిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గ్లాసులెక్కడివమ్మా? ఆనపకాయ బుర్రతో తాగుతాం," అంది కడుపుతో ఉన్న ఒకావిడ. "నా బుర్ర చెప్పాలా, మా అత్త బుర్ర చెప్పాలా? మా అత్తది పెద్దది."

అందరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా ఆ అత్తగారే నవ్వింది. "నువ్వు రుచి చూడకుండా అడిగితే మేం చెప్పేది నీకేం తెలుస్తుంది?" అని నా చేతికి బుర్ర ఇవ్వబోయింది కూడా. డాక్టరుగారు అటు తిరిగి దగ్గినట్టు నటించారు.

నవ్వులయ్యాక ఆ కడుపుతో ఉన్నావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. చురుకైన పిల్లే. కానీ నీళ్ళు తెమ్మంటే దారిలో మరిచిపోయేది, నిన్న నేర్చిన అక్షరం ఇవాళ కొత్తగా చూసేది.

"నావల్లేనా?" అని అడిగింది ఆవిడ. ఇప్పుడు నవ్వడం లేదు.

"అలా చెప్పలేమమ్మా. కారణాలు చాలా ఉంటాయి," అన్నారు డాక్టరుగారు. "పాపకి ఎలా నేర్పితే వస్తుందో చూద్దాం. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డ కోసం మాత్రం మీరు మానేస్తే మంచిది."

ఆవిడ మానేసింది. తనొక్కతే ఎందుకు ఎండిపోవాలని మొగుడిచేత కూడా మానిపించింది. మేం మళ్ళీ వెళ్ళినప్పుడు అతను మా జీపు వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

కొన్ని వారాలకి ఆవిడ పరీక్షల కోసం రాజమండ్రి వచ్చింది. బస్సుకి చాలా టైముందని నేను ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. పెద్దమ్మ మర్యాదకి లోటు చేయలేదు. పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు దగ్గరుండి వడ్డించింది. విస్తరి తీశాక మాత్రం ఉపన్యాసం అందుకుంది.

"ఏమ్మా, కడుపులో బిడ్డని పెట్టుకుని ఆ తెల్లది తాగొచ్చా? మా ఇళ్ళలో వాసన కూడా తెలీదు. మా కోడలు కూడా ఒట్టిమనిషి కాదు. దానికి నేనేం ఇస్తున్నానో చూడు."

అల్మారాలోంచి ఆయుర్వేదం అరిష్టం సీసా తీసింది. తను రోజూ భోజనమయ్యాక పుచ్చుకునేది అదే. వదినకి కూడా బలమని పోసిచ్చేది. చిన్న గ్లాసు నిండా పోసి అతిథి చేతికిచ్చింది. "తాగు. రక్తం పడుతుంది."

ఆవిడ గ్లాసు మూతిదాకా తీసుకెళ్ళి ఆగింది. ఒకసారి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా గ్లాసు కింద పెట్టేసింది.

"వద్దండమ్మగారూ. డాక్టరమ్మగారు మానమన్నారు కదండీ."

వదిన చప్పున వంటింట్లోకి పారిపోయింది. అక్కణ్ణుంచి పమిటలో కుక్కుకున్న నవ్వు వినిపించింది. పెద్దమ్మ మొహం ఎర్రబడింది.

"ఇది మందు!" అంది.

"మా ఆయన కూడా అలాగే అనేవాడండి," అంది ఆవిడ.

సాయంత్రం డాక్టరుగారిని అడిగితే, అరిష్టాలు పులియబెట్టే తయారుచేస్తారనీ, ఎంతో కొంత మత్తు ఉంటుందనీ, కడుపుతో ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వొద్దనీ చెప్పారు. టౌన్లో అడిగే ప్రశ్నల్లో 'బలానికి తాగే టానిక్కులు ఏమిటి?' అన్నది ఆ రోజే చేరింది. దానికి వచ్చిన జవాబులు వింటే మా వీధి మొత్తం అల్మారాల వెనక తాగుతోందని తేలింది.

డాక్టరుగారన్నది నేను ఇంట్లో చెప్పాక పెద్దమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వదిన వాటా ఆపేసి, బదులు బెల్లం సున్నుండలు చేసిపెట్టింది. తన గ్లాసు మాత్రం మామూలుగానే నింపుకుంది. నేను కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటే, "ఏంటే ఆ చూపు? నేనేమన్నా కడుపుతో ఉన్నానా?" అంది.

వదినకీ కొండమీది ఆవిడకీ కొంచెం తేడాతో ఇద్దరికీ మగపిల్లలే పుట్టారు. పెద్దమ్మ పాత నేత చీరలు మెత్తగా ఉతికి, పొత్తిగుడ్డలకని నాచేత కొండమీదికి పంపింది. ఆవిడ కూతురికి ఒకసారి ఒక్క పనే చెప్పాలనీ, పాటలా నేర్పాలనీ డాక్టరుగారు అక్కడి మాస్టారితో మాట్లాడారు. నేను ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆ పిల్ల తన పేరు రాసి చూపించింది. ఒక అక్షరం తప్పింది. వాళ్ళమ్మ దిద్దబోతే పలక వెనక్కి దాచేసుకుని పరిగెత్తింది.