తువ్వాల కింద జీతం

మా ముత్తెన్న మామ ఏ బేరమైనా తువ్వాల కిందే చేసేవాడు. బాన్సువాడ పశువుల అంగడిలో నలభై ఏళ్లు దలాలీ చేసిన మనిషి. అక్కడ ఎద్దు ధర నోటితో పలకరు. చేతుల మీద తువ్వాల కప్పి, వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. మామ వంకాయలు కూడా అట్లాగే కొనేవాడు. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పటికీ ఎవరైనా నాకు చెయ్యి కలిపితే, ఎన్ని వేళ్లు పట్టుకున్నారో చూసుకుంటాను.

కరోనా కాలంలో సాఫ్ట్‌వేర్ పిల్లలంతా ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఊళ్లోకి దిగారు. ఒకడి జీతం విని మామ ప్రాణం విలవిల్లాడింది.

"ఎన్నేండ్ల సంది గా కంపెనీల ఉన్నవ్‌రా?"

"ఆరేండ్లు, తాతా."

"ఒక్క కొట్టంలనే కట్టేస్తే ఎద్దుకు ధరెట్ల పెరుగుతది? నాలుగు అంగళ్లు తిరుగు!"

తిరిగాడు. జీతం ఒకటిన్నర రెట్లయింది. ఇక ఆదివారం వస్తే మామ అరుగు మీద చోటుండేది కాదు. విదేశం పోతామన్నవాళ్లకు ఒకటే పాఠం: "ఎద్దును కొన్నోడే లారీ కిరాయి పెట్టుకోవాలె. ఇమానం టికెట్టు, ఆడ ఇంటి కిరాయి ముందుగాల రాయించుకోండ్రి. ధర మటుకు మీరు జెప్పకుండ్రి."

"కంప్యూటర్ ఎట్ల తెరుస్తరో తెల్వది గాని, కంపెనీలకు ముకుతాడేస్తుండు" అనేది మా అత్త భూమవ్వ.

పక్క తండా రేఖకు జర్మనీలో ఉద్యోగం కుదిరింది. పనిలో గట్టిదే, నోరే మెత్తన. పాత కంపెనీలు రెండూ ఎంతిస్తామంటే అంతకే తలూపింది. ఈసారీ ఊపితే సగం జీతం అక్కడి కిరాయికే పోతుంది. నాలుగేళ్ల కూతుర్ని ఇక్కడే వదిలిపెట్టి వెళ్లాలి. తండాలో సిగ్నల్ ఉండదని, జీతం మాట్లాడే వీడియో కాల్‌కు మామ ఇంటికొచ్చింది.

మామ కెమెరాకు అందకుండా పక్కన కూర్చుని, రేఖ చెయ్యి పట్టుకుని పైన తువ్వాల కప్పాడు.

"ఒత్తితే ఒప్పుకోకు. ఇడిస్తే ఒప్పుకో."

తెరమీద తెల్లావిడ ఒక అంకె చెప్పింది. మామ ఒత్తాడు. రేఖ తలూపలేదు. తెల్లావిడ కాస్త పెంచింది. మామ మళ్లీ ఒత్తాడు. రేఖ గొంతు సవరించుకుంది. కూతురు కూడా వస్తుందని, ఇద్దరికీ టికెట్లు, మూడు నెలల కిరాయి, ఇంకొంత జీతం కావాలని ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. గడప దగ్గర నుంచి నేను తొంగి చూశాను. తెల్లావిడ ఏదో రాసుకుని, సరేనంది. మామ అప్పుడు చెయ్యి వదిలాడు.

"సరిగ్గ టైముకే ఒత్తినవ్ తాతా! నీకు ఇంగ్లీషు ఎట్ల సమజైంది?"

"నాకేడ సమజైతది బిడ్డా? నీ చెయ్యి వణుకుతుండె. వణికినప్పుడల్లా గట్టిగ పట్టుకున్న. బేరం నువ్వే జేసుకున్నవ్."

వంటింటి గుమ్మంలోంచి అత్త తల బయటపెట్టింది.

"మన లగ్గమై నలభై ఐదేండ్లాయె. నా చెయ్యి ఒక్కనాడన్న గట్ల పట్టినవా?"

మామ సిగ్గుపడుతూ చెయ్యి చాపాడు.

"గిప్పుడా? పిల్లలు సూస్తుండ్రు. గిన్నెలు తోమేదుంది, పో" అంది అత్త, చెయ్యి అందిస్తూనే.