ఈశ్వరప్ప కరియకు చెప్పిన చదువు

ధర్మవరంలో ఈశ్వరప్ప నేసిన చీరకు వంక పెట్టినవాళ్లు లేరు. ఈశ్వరప్పకు వంక పెట్టనివాళ్లూ లేరు. ఆయనకు రెండో సంగతి పట్టేది కాదు. తన మీద తనకు అంత గురి. ఎనభైల మొదట్లో వానలు వరసగా మొహం చాటేసి వీధి వీధంతా ఆకాశం కేసి చూస్తుంటే, ఆయన ఒక్కడు "వస్తాదిలేప్పా, యాడికి పోతాది?" అని గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చునేవాడు.

నడుం దాకా గుంతలో, తల మాత్రం లోకంలో ఉండే వృత్తి అది. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా పలకరించే దిక్కుండదు. ఈశ్వరప్పకేమో లోకానికి చెప్పాల్సినవి బోలెడు. భార్య సుబ్బరత్నమ్మ వాటన్నిటినీ పెళ్లయిన కొత్తలోనే విని ముగించింది. అందుకే సోమందేపల్లెలో బస్సు కోసం నిలబడినప్పుడు వెంటబడిన నల్ల కుక్కపిల్లను ఆయన కాదనలేక బస్సెక్కించి తెచ్చుకున్నాడు. కరియ అని పేరు పెట్టాడు. ఎంత చెప్పినా వినేది, మధ్యలో లేచిపోయేది కాదు. అట్లాంటి శ్రోత ఆ జిల్లాలో మళ్లీ దొరకదని ఆయన నమ్మకం.

కరియలో లోపం ఒకటే. ఆయన నేస్తుండగా సందు చూసి గుంతలోకి దిగేది. ఎండాకాలంలో ఆ ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే కనక దాని తెలివిని తప్పు పట్టలేం. కానీ దిగినది ఊరికే పడుకోదు. సుబ్బరత్నమ్మ రాట్నం తిప్పి చుట్టి, గట్టు మీద బుట్టలో పెట్టిన పట్టు కండెలను ఒక్కొక్కటే లాక్కుని నమిలేది. చూపంతా పోగుల మీద ఉన్నవాడికి కాళ్ల దగ్గర జరిగేది ఏం తెలుస్తుంది? ఒకనాడు పెళ్లి చీరకని తెచ్చిన వంగపండు రంగు పట్టు కరియ మీసాల నుంచి వేలాడుతూ కనిపించింది.

"ఈ ఇంట్లో అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల," అంది సుబ్బరత్నమ్మ.

ఈశ్వరప్ప కాస్త ఆలోచించాడు. అదే తప్పయింది.

"ఏం, ఎంచుకుంటాండావా?"

పామిడిలో ఉన్న ఆమె తమ్ముడు దాసప్పకు కబురు పోయింది. చెనిక్కాయ చేనికి కాపలా కుక్క కావాలని అతను ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. వచ్చేటప్పుడే తాడు తెచ్చుకున్నాడు.

"ఆగు బామ్మర్దీ. దీనికి చదువు చెప్తా," అన్నాడు ఈశ్వరప్ప. "వచ్చే అమావాస్యకు రా. గుంతలో కనబడిందా, తోలుకొని పో. మాటంటే మాటే."

"అక్కా, విన్నావు గదా?"

"విన్నాలే. ఈయన మాట ఈయనకు గుర్తుండదు. నేను పెట్టుకుంటా."

తొలి పాఠం మిరప్పొడి. గుంతలో కాళ్లతో తొక్కే చెక్కలకు దట్టంగా పట్టించాడు. కరియ వచ్చి వాసన చూసింది, ఒక తుమ్ము తుమ్మి తప్పుకుంది. గురువుగారు జయించిన సంతోషంలో మగ్గానికి కూర్చుని, ఎప్పటిలాగే ఉత్తకాళ్లతో తొక్కాడు. కేక వీధి చివర నబీ సాబ్ బీడీల బంకు దాకా వినబడింది.

"నీళ్లే! నీళ్లు!"

"కుళాయి వచ్చేది ఎల్లుండి," అంది సుబ్బరత్నమ్మ. "అంతవరకు ఊదుకో."

ఊదుకుంటూ కూర్చున్నవాడికి జ్ఞానోదయమైంది. వంటింటి గడప దగ్గర గోనెపట్ట పరిచాడు. మగ్గం ఆడినంతసేపు కరియ దాని మీదే ఉండాలి. ఉంటే వేయించిన చెనిక్కాయ వచ్చి పడుతుంది, లేస్తే పడదు. మొదట్లో పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె కంటే చెనిక్కాయలే ఎక్కువ ఎగిరాయి. పోనుపోను కాయలు తగ్గాయి, అలవాటు నిలిచింది. వీధిలో ఇంటింటా మగ్గాలు టకటకలాడుతున్నా కరియకు తన ఇంటి మగ్గం చప్పుడు వేరుగా తెలిసేది. అది ఆగితే చాలు, బడి వదిలినట్టు లేచి, ఒళ్లు విరుచుకుని, వంటింట్లో సుబ్బరత్నమ్మ దగ్గరకు పోయేది. ఈశ్వరప్ప లేస్తూ కండెల బుట్ట చిలక్కొయ్యకు తగిలించేవాడు కనక పట్టుకూ భయం లేదు.

ఆ రోజుల్లోనే ఆయనకు ఒక కష్టం మొదలైంది. మధ్యమధ్య మగ్గం వదిలి నబీ సాబ్ బంకుకు జారుకోవడం ఆయన పాత అలవాటు. అన్ని మగ్గాల హోరులో ఒకటి ఆగితే ఎవరికి తెలుస్తుంది? అట్లాంటిది, ఇప్పుడు బీడీ అంటుకునీ అంటుకోకముందే సుబ్బరత్నమ్మ వచ్చి ఎదుట నిలబడుతోంది.

"ఏమన్నా, వదినకు దుర్బిణీ ఏమన్నా కొనిచ్చినావా?" అన్నాడు నబీ సాబ్.

"ఊరికే ఎదురుపడినాదిలేప్పా," అన్నాడు ఈశ్వరప్ప, బీడీ నలిపేస్తూ.

అమావాస్య వచ్చింది. ఆ రోజు ఆ వీధిలో ఎవరూ నేయరు. గుంత ఊడ్చి, మగ్గానికి బొట్టు పెట్టి, సాంబ్రాణి వేసి, మొక్కి ఊరుకుంటారు. ఇది ఈశ్వరప్పకు బొడ్డు కోసిన నాటి నుంచీ తెలుసు. గడువు పెట్టిన నాడు మాత్రం గుర్తు రాలేదు.

కరియ పొద్దున్నే గోనెపట్ట మీద కూర్చుంది. మగ్గం పలకలేదు, చెనిక్కాయా పడలేదు. ఎండ ముదిరేదాకా చూసి, బడి ఏమైందో కనుక్కుందామన్నట్టు నేరుగా గుంతలోకి దిగి పడుకుంది. దాసప్ప తాడుతో వచ్చేసరికి మగ్గం కుంకుమ దాని నుదుటికి అంటి, ఊరేగింపుకు సిద్ధమైనట్టుంది.

"ఏం బావా, ఇదేనా చదువు?"

"మగ్గం ఆడితే లేస్తాది రా!"

"అయితే ఆడించు."

ఈశ్వరప్ప చెయ్యి మగ్గం మీదికి పోయింది. తాత, నాయన, తానూ ఏ అమావాస్యనాడూ ముట్టని మగ్గం. చెయ్యి ఆగింది. గుంతలోంచి కరియ తల పైకెత్తి, ఇంకేదో చెప్తాడేమోనని చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దాసప్ప తాడు ముడి విప్పాడు.

"రేయ్ దాసప్పా, తాడు తీసి పక్కన పెట్టు. కాఫీ తాగి పో," అంది సుబ్బరత్నమ్మ. "కుక్క యాడికీ రాదు."

"అదేందక్కా! గుంతలో కనబడితే తోలుకొని పొమ్మన్నారు గదా?"

"ఆ మాట ఇచ్చింది ఆయన. నేను గుర్తు పెట్టుకుంటానన్నా, అంతే. మగ్గం ఆడినంతసేపు పట్టు ముట్టలేదు, అది చాలు. ఇంతకూ మగ్గం ఆగిందని వంటింట్లోకి వచ్చి నాకు చెప్పే జీవం ఇదొక్కటే ఉండాది. దీన్ని నీకిచ్చి, ఈయన బంకు చుట్టూ నేను తిరగల్లనా?"

ఈశ్వరప్ప ఆమెను చూశాడు. తరవాత తన శిష్యురాలిని చూశాడు. గురువును మించిన శిష్యులుంటారని విన్నాడు గానీ, ఇంత దగ్గర్లో ఉంటారనుకోలేదు.

మర్నాడు మగ్గం ఆడింది. మధ్యాహ్నానికి నోరు బీడీ అడిగింది, నాడె విసిరే చెయ్యి కాస్త నెమ్మదించింది. గోనెపట్ట మీద కరియ చెవి ఒకటి లేచి నిలబడింది.

"పండుకో తల్లీ, పండుకో," అని ఈశ్వరప్ప నాడె విసిరాడు.