లాండ్రీ అక్క తుడిచేసిన మెసేజీలు

ముందుగా వినిపించేది ఆవిరి. బుస్సుమంటుంది, ఆగుతుంది, ఎవరో నిట్టూర్చినట్టు మళ్లీ బుస్సుమంటుంది. వేలాడే చొక్కాలను పక్కకు జరిపితే, వెనక ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె. వీధికంతా లాండ్రీ అక్క. భర్త పోయాక ఈ దుకాణం, పదమూడేళ్ల కూతురు, అంతే ఆమె లోకం.

ఒక సాయంత్రం కూతురు మాట్లాడకుండా ఫోన్ ఆమె ముందుకు తోసింది. పిల్ల ఫొటోకి ఎవరో పంది ముఖం తగిలించి పంపారు. కింద బూతులు. ‘రేపు క్లాసు గ్రూపులో పెడతా’ అని బెదిరింపు.

మరక ఆరకముందే వదిలించడం ఆమె చేతులకు అలవాటు. ఆ చేతులు ఆలోచించలేదు. ఫొటో, బూతులు, నంబరు అన్నీ తుడిచేశాయి.

"పోయాయిలే. ఇంక చూడకు."

మర్నాడు ఇద్దరూ బడికెళ్లి చెబితే, టీచరమ్మ అడిగింది. "ఏదమ్మా, చూపించండి. పోనీ, నంబరైనా ఉందా?"

"లేదండీ."

"మరి ఎవర్ని పిలిచి అడగమంటారు?"

తిరిగొచ్చేటప్పుడు పిల్ల ముందు నడిచింది. "నీకెందుకు చూపించానా అనిపిస్తోందమ్మా," అంది, వెనక్కి చూడకుండానే.

ఆ తర్వాత ఇంట్లో కంచాల చప్పుడు తప్ప మాట లేదు. పిల్ల ఫోన్ మోగినప్పుడల్లా తల్లి చేతిలో పని ఆపి అటు చూసేది. మళ్లీ అలాంటిదేదైనా వస్తే పిల్ల ఒంటరిగా మింగేస్తుందేమోనన్న భయం ఆమెను తినేసింది.

చివరికి ఒకరోజు పట్టపగలే దుకాణం మూసి, ఇంటికెళ్లి పిల్ల పక్కన కూర్చుంది.

"ఏంటి, ఇస్త్రీపెట్టె వదిలి రావడం కూడా వచ్చా నీకు?" అంది పిల్ల.

"నాదే తొందరపాటు. నిన్నడక్కుండా చేశాను. ఈసారి వస్తే చూపించు. ముట్టుకోను, తిట్టను, ఫోన్ లాక్కోను."

"గిరాకీ పోతుంది, వెళ్లు."

"పోనీ."

వారం తిరక్కుండానే పిల్ల బడి సంచీతో దుకాణం గుమ్మంలో నిలబడింది. ఫోన్ దూరంగానే పట్టుకుంది. తల్లి చేతులు వెనక్కి కట్టుకుంది.

"నువ్వే చదువమ్మా. నేను వింటాను."

పిల్ల చదివింది. ఒక్కో మాట దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. తల్లి తొందరపెట్టలేదు.

"స్క్రీన్‌షాట్ తీశావా?"

"తీశాను. నంబరు కూడా."

"అయితే పద, టీచరమ్మ దగ్గరికి."

టీచరమ్మ ఆరా తీస్తే ఆ కొత్త నంబరు ఎవరిదో తేలింది. పిల్ల పక్కన, ఒకే బెంచీ మీద, మూడేళ్లుగా కూర్చుంటున్న స్నేహితురాలిది.

ఇదంతా చెప్పి, ఇస్త్రీ బట్టల కోసం వచ్చినవాళ్లను గుమ్మం దాకా సాగనంపుతూ లాండ్రీ అక్క గొంతు తగ్గించింది.

"బడి వదలగానే మా పిల్ల ఇక్కడికే వచ్చేస్తుందండీ. ఇంకెవరున్నారు దానికి? ఏం మాట్లాడాలో నాకూ తెలీదు. పక్కన కూర్చుంటాను."